చెప్పని జోకు

అద్దాల పెట్టె ఖాళీగా ఉంది.

అయిదూ నలభైకి అందులో చెక్క మాస్కు ఉంది. ఆరింటికి లేదు. విదేశీ నాటక బృందం పెద్దాయనకి వాళ్ళ తాత చెక్కి ఇచ్చిన మాస్కు అది. యూనివర్సిటీలో జరుగుతున్న దేశదేశాల కళల సదస్సుకి అదే ఆకర్షణ. సదస్సు హాలు బయట ఎగ్జిబిషన్ గదిలో పెట్టారు.

క్యాంపస్ సెక్యూరిటీ ఆఫీసర్ వెంటనే తలుపులన్నీ మూయించాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏం జరిగినా ముందు తలుపులు బిగిస్తాడని విద్యార్థులు ఆయనకి తాళంకప్ప అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

కిటికీల్లేని హాలు. ఏసీ మొరాయించింది. జనం బ్రోషర్లతో విసురుకుంటూ తలుపుల వంక చూస్తున్నారు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఒక గార్డు వెంట రావాల్సిందే.

"ఇంకా విచారణేమిటండీ? కాపలా ఉన్నది ఆ పిల్లే కదా!" అంది సదస్సు నడిపే ప్రొఫెసరమ్మ. "పోలీసులొచ్చేలోగా ఒప్పుకోమనండి. లేకపోతే సీటూ పోతుంది, చదువూ పోతుంది."

ఆ పిల్ల నాటక శాఖలో పరిశోధక విద్యార్థిని. బృందంతో ఏడాదిపాటు ఉండి పని నేర్చుకోవడానికి ఒకే ఒక్క సీటు ఉంది. అది ఈ పిల్లకే వచ్చిందని ప్రొఫెసరమ్మ గంట కిందటే ప్రసంగం చివర ప్రకటించింది. ఇప్పుడా పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఎగ్జిబిషన్ గది వదిలి ఎందుకొచ్చావమ్మా?" అని అడిగాడు తాళంకప్ప.

"నా పేరు చదువుతారేమోనని... ప్రసంగం అయ్యేదాకా ఈ తలుపు దగ్గరే నించున్నాను సార్."

"నిన్ను దాటుకుని ఎవరైనా బయటికెళ్ళారా?"

"ఎవరూ వెళ్ళలేదు సార్."

"బాగా గుర్తు తెచ్చుకో. ఎవరో ఒకరు వెళ్ళారంటే నీకే మంచిది."

"వెళ్ళనివాళ్ళని వెళ్ళారని ఎలా చెప్పనండీ?" అంటూ బావురుమంది.

దొంగయితే ఇంత తేలిగ్గా తన మెడకి తనే ఉచ్చు బిగించుకోదు. తాళంకప్పకి ఆ నమ్మకం కుదిరింది. బయటివాళ్ళెవరూ రాలేదని బిల్డింగ్ గేటు దగ్గరి గార్డు చెప్పాడు కాబట్టి తీసింది హాల్లోవాళ్ళే. కానీ హాలుకి ఇంకో దారేదీ?

హాలు వెనక అనువాదకుల అద్దాల బూత్ ఉంది. దానికి వరండాలోకి వేరే తలుపుంది. మామూలుగా అందులో ఇద్దరు వంతులవారీగా మాట్లాడతారు. ఇవాళ ఒకతనికి జ్వరం. మిగిలింది ఆఫీసర్ మేనకోడలు. ఆ సీటుకి తనూ దరఖాస్తు పెట్టింది.

తనని అనుమానించడానికి వీల్లేదు. ప్రసంగం నడిచినంతసేపూ విదేశీ అతిథుల హెడ్‌ఫోన్లలో అనువాదం వినిపించింది తన గొంతుతోనే.

అప్పుడాయనకి ఆ నవ్వు గుర్తొచ్చింది. ప్రసంగం మధ్యలో అతిథులు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. మిగతా హాలంతా చప్పుడు లేకుండా కూర్చుంది.

"మేడమ్, మీ ప్రసంగంలో జోకేమైనా ఉందా?"

"వంటవాడి జోకొకటి రాసుకున్నాను. టైం చాలక ఆ పేజీ వదిలేశాను. ఇప్పుడెందుకండీ అది?"

"ప్రసంగం కాపీ ముందుగా ఎవరికిచ్చారు?"

"బూత్‌కే. అనువాదకులకి ముందురోజే ఇవ్వడం పద్ధతి."

ఆయన తల తిప్పి బూత్ అద్దం వంక చూశాడు.

ఊరుకోవచ్చు. ఆ నవ్వు సంగతి ఇంకెవరికీ తట్టలేదు. మేనకోడలిని చంకనేసుకుని ఊరంతా తిప్పిన చేతులు ఆయనవి. కానీ ఎదురుగా ఈ పిల్ల. ఇందరిని బంధించి, చివరికి తనే ఇరుక్కుపోయాడు. ప్రాణం ఉసూరుమంది.

వెళ్ళి మైకు అందుకున్నాడు. అతిథులు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. మైకులో ఏం మాట్లాడినా బూత్ అనువదించి తీరాలి.

"ప్రసంగం అనువాదం మొత్తాన్ని రాత్రే ఫోన్‌లో రికార్డు చేసిపెట్టుకున్నారు. ఇవాళ ఆ ఫోన్‌ని బూత్ మైకు ముందు పెట్టి, వరండా తలుపులోంచి వెళ్ళొచ్చారు."

అతిథులు తలలూపారు. అనువాదం తు.చ. తప్పకుండా అందుతోంది.

"మేడమ్ చెప్పని జోకు కూడా ఆ రికార్డులో ఉంది. అందుకే మీరు మాత్రమే నవ్వారు. సీటెవరికొచ్చిందో ఆ కాపీలో ముందే ఉంది. కాపలా ఉన్నమ్మాయి మీద నింద పడితే ఆ సీటు ఇంకొకరికి వెళ్తుంది. తలుపులు వెంటనే మూయించాను కాబట్టి మాస్కు బయటికి పోలేదు. బూత్‌లో అది పట్టే చోటు హెడ్‌ఫోన్ల అట్టపెట్టె ఒక్కటే, చూడండి. ఈ పని చేసింది..."

పేరు చెప్పకుండానే మైకు దించేశాడు.

అతిథులందరూ ఒక్కసారిగా బూత్ వైపు తిరిగారు.

గార్డు అట్టపెట్టె అడుగునుంచి మాస్కు తీశాడు. బృందం పెద్దాయన దాన్ని గుండెకి హత్తుకున్నాడు. గోడ దగ్గర పిల్ల ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ప్రొఫెసరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

తాళంకప్ప బూత్ తలుపు తీశాడు. మేనకోడలు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. మొహం పాలిపోయి ఉంది.

"వాళ్ళకి నేనే చెప్పేశాను మామయ్యా," అంది. "అమ్మకి మాత్రం నువ్వే చెప్పు."