వెనక గది ఆడపడుచు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... అయినా వీధి దీపాలు వెలిగాయి!

కాటుకలాంటి మేఘాలు సూర్యబింబాన్ని కబళించేశాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము ఉరిమింది. ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద ఒక గుడ్లగూబ, వేళ కాని వేళ, రెప్ప వాల్చకుండా ఆ ఒక్క ఇంటివైపే చూస్తోంది. ఆ రోజు అమావాస్య. ఆ ఇంటి ముందుగదిలో సున్నంతో గీసిన వలయం... వలయం నడుమ నల్లగుడ్డ కప్పిన గుండ్రటి వస్తువు... దాని ముందు జడలు కట్టిన జుట్టుతో, రక్తనేత్రాలతో మాంత్రికుడు!

అతని ఎదురుగా, భర్త పోయి ఇంకా ఏడాది తిరగని ఇల్లాలు కూర్చుంది. అతన్ని పిలిపించింది ఆమే. ఎవరి ప్రాణమూ తీయడానికి కాదు. వెనక గదిలో ఉన్న ఆడపడుచు చేత ఇల్లు ఖాళీ చేయించడానికి.

ఆ ఆడపడుచుది పళ్ళు చేసే పని. దంతవైద్యులు పంపే అచ్చులను బట్టి మైనంతో, పింగాణీతో కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది. అందరూ ఆమెను పళ్ళక్క అనేవారు. ఆ పిలుపు విని ఎవరైనా డజను అరటిపళ్ళు ఎంతని అడిగితే, తన పళ్ళు తినేవి కావనీ, తినిపించేవనీ చెప్పి నవ్వేది.

పద్నాలుగేళ్ళ కిందట, లిఫ్టు మెకానిక్ అయిన ఆమె అన్నయ్య లోను తీసుకుని ఈ ఇల్లు కొన్నాడు. ఆమెకు అప్పట్లో రోజుకూలీ. జీతం చీటీ లేని మనిషి పేరు లోను కాగితాల్లో పెట్టడం కుదరదని బ్యాంకులో చెప్పారు.

"పేరుదేముందే, ఇల్లు మనది కదా" అన్నాడు అన్నయ్య.

ఆమె నమ్మింది. నమ్మడమేమిటి, అనుమానించాలన్న ఊహే రాలేదు. ప్రతి నెలా వాయిదాలో సగం అతని చేతిలో పెట్టేది. రసీదు అడగలేదు. తోడబుట్టినవాణ్ణి రసీదు ఎవరడుగుతారు?

అన్నయ్య ఒక రోజు పనిలో ఉండగా లిఫ్టు గోతిలో పడి చనిపోయాడు. వాళ్ళ ఆచారం ప్రకారం ఊరి చివర సమాధి చేశారు. ఇల్లూ, మిగిలిన లోనూ వదిన పేరు మీదికి వచ్చాయి. వాయిదాలు తప్పసాగాయి. కొనేవాడొకడు దొరికాడు గానీ, ఇంట్లో మనుషులెవరూ ఉండకూడదన్నాడు. వదిన మంచిమాటగా నాలుగుసార్లు చెప్పింది. ఏడ్చింది. ఆఖరికి వెనక గదికి కరెంటు తీగ పీకేసింది. పళ్ళక్క ప్రతిసారీ ఒక్కటే అడిగేది, ఎక్కడికి పోనని. వదిన దుర్మార్గురాలేమీ కాదు... నిలువునా భయపడిపోయిన మనిషి.

మాంత్రికుడు పూజ మొదలెట్టే ముందు ఆమె చేత ఒక మాట మూడుసార్లు అనిపించాడు. "ఇచ్చాను... ఇచ్చాను... ఇచ్చాను." ఏమిస్తున్నదో ఆమె అడగలేదు. దక్షిణ కాబోలనుకుంది.

హోమగుండంలోంచి నీలిజ్వాల ఎగిసింది! బీజాక్షరాలు పాముల బుసల్లా గది నిండా పాకాయి!

వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని మైనం చెక్కుతున్న పళ్ళక్క చేతిలోంచి చాకు జారిపోయింది. ముందు పాదాలు చల్లబడ్డాయి. తరువాత అవి వాటంతట అవే లేచి నిలబడ్డాయి! ఆమె మంచం కోడు పట్టుకుంది. మంచం కూడా ఈడ్చుకుంటూ కదిలింది. తలుపు చట్రాన్ని పట్టుకుంటే గోళ్ళు విరిగాయి గానీ నడక ఆగలేదు. ఆమె గొంతులోంచి తనది కాని కేక ఒకటి వెలువడి ఇల్లంతా ప్రతిధ్వనించింది... ఎదురుగా వీధి తలుపు ఎవరూ తాకకుండానే బార్లా తెరుచుకుంది. వాన లోపలికి విసిరికొట్టింది.

ఆ గాలికి నల్లగుడ్డ ఎగిరిపోయింది. మెరుపు మెరిసింది. ఆ వెలుగులో వికటంగా నవ్వుతున్న ఒక కపాలం!

దాని పైవరసలో ముందుపన్ను ఒకటి తక్కినవాటి కంటే ఒక పిసరు తెల్లగా ఉంది.

పళ్ళక్క రెండు చేతులతో వీధి ద్వారబంధాన్ని కరుచుకుపోయింది. ఆరేళ్ళ కిందట స్పానరు తగిలి అన్నయ్య పన్ను విరిగితే, డ్యూటీ అయ్యాక కూర్చుని తనే పింగాణీ పన్ను చేసింది. రంగు సరిగ్గా కలవలేదు. మళ్ళీ చేస్తానంటే అతను ఒప్పుకోలేదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా చెల్లెలు గుర్తొస్తుందిలే అన్నాడు.

"వదినా" అంది, ఊపిరందక. "ఆ పన్ను నేను చేసింది. అది అన్నయ్య."

వదిన ఆ పన్ను వంక చూసింది. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషికి మరొకరు చెప్పనక్కర్లేదు. సమాధి తవ్వి తెచ్చావా అంటూ మాంత్రికుడి మీదికి దూకింది. అతడు వేలెత్తాడు. ఆమె గాలిలో తేలి గోడకు కొట్టుకుంది!

ఋణం తీరకుండా పోయినవాడి కపాలం కోటికొకటి దొరుకుతుందని అతడు వికటాట్టహాసం చేశాడు. ఈ ఒక్క ఆహుతితో ఆ జీవుడు తనకు శాశ్వతదాసుడవుతాడన్నాడు. తాను కొలిచే మహాశక్తిని రమ్మని, కానుక అందుకొమ్మని ఎలుగెత్తి పిలిచాడు.

ఆ శక్తి వచ్చింది... గోడవారన పడివున్న వదిన దేహంలోకి!

వదిన మెల్లగా లేచింది. కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. జుట్టు వానగాలికి కాక మరే గాలికో ఎగురుతోంది. ఆమె నోటినుంచి పాతాళంలో బండలు దొర్లినట్టు ఒక స్వరం వచ్చింది.

"ఇది ఎవరిచ్చారు?"

"భార్య ఇచ్చింది తల్లీ. కాగితాల్లో వారసురాలు ఈమే."

"కాగితం నాకెందుకు? రక్తం పంచుకున్నది గడపలో నిలబడి ఉంది. అది ఇచ్చిందా?"

మాంత్రికుడి మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది. ఆడపడుచు మాట ఒకటి అవసరమవుతుందని అతడు అనుకోనేలేదు. గొంతు తగ్గించి పళ్ళక్కవైపు తిరిగాడు.

"ఇచ్చానని చెప్పు. ఈ ఇల్లు నీ పేరు మీద రాయిస్తాను. కాదన్నావంటే విను... మీ అన్న ఆత్మను లేపింది నేను. నేను లేకపోతే వాణ్ణి వెనక్కి పంపేవాడుండడు. ఈ గోడల మధ్యే తిరుగుతాడు, కల్పాంతం దాకా."

ఆశ పుట్టలేదంటే అబద్ధం. పద్నాలుగేళ్ళు ఊడ్చి తుడిచిన గచ్చు అది. బయట కుండపోత. ఈ గడప దాటితే తల దాచుకోవడానికి ఆమెకు ఇంకో కప్పు లేదు. ఆమె చాలాసేపు కపాలాన్నే చూసింది. దాసుడిగా వీడి వెంట ఊరూరా తిరగడమా... ఇంట్లోనే ఉండిపోవడమా...

"నేనివ్వలేదు" అంది.

పిడుగు పడింది! ఇంటి మీద కాదు... వలయం లోపల! సున్నపు గీత అగ్నికంకణమై మాంత్రికుణ్ణి చుట్టేసింది. అతడు దాటబోయిన ప్రతి దిక్కునా జ్వాల లేచి నిలబడింది. జన్మంతా జపించిన మంత్రం ఒక్క అక్షరమైనా అతని నాలుకకు రాలేదు. ఆర్తనాదం ఒక్కటి ఆకాశానికి ఎగిసి, ఠక్కున తెగిపోయింది... గచ్చు మీద పిడికెడు బూడిదా, చెక్కుచెదరని కపాలమూ మిగిలాయి. వదిన నేలకు ఒరిగి, కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మామూలు మనిషైంది. ట్యాంకు మీది గుడ్లగూబ లేచిపోయింది.

చీకటి పడకముందే ఆడవాళ్ళిద్దరూ కపాలాన్ని గుడ్డలో చుట్టుకుని వెళ్ళి, మళ్ళీ సమాధిలో పెట్టి మట్టి కప్పారు. పళ్ళక్కే పార పట్టింది. అంతటితో అయిపోయిందనుకున్నారు.

తిరిగొచ్చేసరికి వెనక గదిలో ఎవరో నడుస్తున్నారు. మంచం కిర్రుమంది, ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఇద్దరికీ తెలిసిన దగ్గే.

అన్నయ్య ఎవరినీ ఏమీ చేయలేదు. రాత్రీ పగలూ ఆ గదిలో తిరిగేవాడు, అంతే. ఇల్లు మరోసారి చూసుకుందామని వచ్చిన కొనేవాడు ఆ అడుగుల చప్పుడు విని చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. నాలుగు నెలలకు బ్యాంకువాళ్ళు వచ్చి ఇల్లు స్వాధీనం చేసుకున్నారు. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా చెప్పుకోవచ్చని వదినకు ఒక కాగితం ఇచ్చారు. పళ్ళక్క చెయ్యి చాపితే, ఆఫీసరు ఫైలు అటూ ఇటూ తిరగేసి, "ఇందులో మీ పేరెక్కడా లేదమ్మా" అన్నాడు మర్యాదగానే. వదిన తన అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే చోటు చాలదని చెబుతూ, ఆడపడుచు మొహం చూడలేకపోయింది.

పళ్ళక్క ఇప్పుడు వర్క్‌షాపులోనే, అచ్చుల అల్మారా పక్కన చాప వేసుకుని పడుకుంటోంది. రోజూ పని అయ్యాక ఆ వీధిలోకి వస్తుంది. సీలు వేసిన తలుపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. కాసేపటికి లోపలినుంచి అడుగులు ఒక్కొక్కటే దగ్గరికి వస్తాయి. సరిగ్గా ఆమె చెయ్యి ఉన్నచోటే చెక్క మంచులా చల్లబడుతుంది. తరువాత ఎవరో మెల్లగా, ఓపిగ్గా, గడియ లాగుతున్న చప్పుడు...

"అన్నయ్యా" అంటుంది. "తాళం నా దగ్గర లేదు."