నాలుగు అంగుళాలు ఉత్తరానికి

రాణిగారు నీళ్ల డ్రమ్ములో దొరికారు.

2005 ఆగస్టు. శుక్రవారం మధ్యాహ్నం 1.55. రాంగోపాల్‌పేట్‌లో ఒక బిల్డింగ్ మూడో అంతస్తు. అక్కడ నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకని బాత్రూం పక్కన నీలం డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అందులో రాణి తల మునిగి ఉంది. ముక్కు కరిగింది. కళ్లు కరిగాయి. మొనదేలిన పొడుగాటి చెవులు తెల్లటి పాలలాగా నీళ్లలో కలిసిపోయాయి.

మనిషి తల కాదు. మట్టి తల.

2.30కి మేబెల్ మెట్లెక్కి వచ్చింది. రైల్వే పోలీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసి, ఇప్పుడు రెజిమెంటల్ బజార్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. మోకాళ్లు నొప్పి. కళ్లు మాత్రం పాతికేళ్లవే.

ఆ అంతస్తులోని వీడియో గేమ్‌ల కంపెనీ యజమాని ఓంప్రకాశ్ ఏసీలో కూడా చెమటలు కక్కుతున్నాడు.

"మేడమ్, పోలీసులను పిలిస్తే పరేషాన్. అయిదింటికి స్వీడన్ క్లయింట్ వస్తుండు. రాణిని చూపియ్యాలె."

"ఎవరి రాణి?"

"ఎల్ఫుల రాణి."

మేబెల్ ముఖం చూసి అతనే వివరించాడు. ఉత్తర దేశాల పాత కథల్లో ఎల్ఫులని ఉంటారట. వెలుగు ఎల్ఫులు సూర్యుడికన్నా అందగాళ్లు. చీకటి ఎల్ఫులు భూమి కింద ఉంటారు. తాము చేస్తున్న వీడియో గేమ్‌లో చీకటివాళ్లకు వెలుగువాళ్లంటే కడుపుమంట. ఆ మంట మీదే గేమంతా నడుస్తుంది. వెలుగు రాణి పని సృజనది; ఆమె మట్టితో మలిస్తే, దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. చీకటి ఎల్ఫులు సూరికి, అతను నేరుగా కంప్యూటర్‌లోనే చేస్తాడు. ఇద్దరిలో ఎవరి బొమ్మ క్లయింట్‌కు నచ్చితే వాళ్లే లీడ్ ఆర్టిస్ట్. గేమ్‌లో మొదటి పేరు వాళ్లదే.

"సూరిగాడే చేసిండు," అన్నాడు ఓంప్రకాశ్. "అయిదు కాకముందే బయటికి పంపిస్తా. అన్ని స్టూడియోలకు చెప్తా."

ఊళ్లో ఉన్న గేమ్ స్టూడియోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి పేరు చెడ్డవాడికి అన్నిచోట్లా తలుపులు మూసినట్టే.

మేబెల్ సృజన గదిలోకి వెళ్లింది. తలుపు దక్షిణాన. కిటికీ ఉత్తరాన. మధ్యలో బల్ల. బల్ల మీద డబ్బాకు ఆనించిన చిన్న అద్దం. నాలుగు మడతలు పెట్టిన గుడ్డ. తల నిలబెట్టిన చెక్కపలక తాలూకు తెల్లటి గుండ్రటి మరక. ఆ మరక నుంచి కిటికీ వైపు ఒక గీత. మేబెల్ టేపు తీసి కొలిచింది. నాలుగు అంగుళాలు.

సృజన ఏడవడం లేదు. గోళ్లలోని మట్టి తీసుకుంటోంది.

"ఈ అద్దం ఏంది బిడ్డా?"

"ఆఖర్న కండ్లు చెక్కి తెరిచేటప్పుడు బొమ్మ మొదటి చూపు అద్దం మీద పడాలె మేడమ్. మా ఇంట్ల దేవుడి బొమ్మలకు అదే పద్ధతి. నాన్న కండ్లు తెరుస్తడు, నేను అద్దం పట్టుకుంట. ఇయ్యాల డబ్బాకు ఆనించిన."

"ఎప్పుడు తెరిచినవ్?"

"పన్నెండున్నరకు. అందరు పైన బిర్యానీ తింటున్నరు. పోస్టర్ల కోసం ప్రింటింగ్ ప్రెస్‌కు పోవాలె, అందుకని గుడ్డ కప్పి కిందికి పోయిన. 1.50కి వచ్చిన."

"కళ్లు తెరిచిన సంగతి ఎవరికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలె."

తరువాత సూరి. తుని దగ్గరి కుర్రాడు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

"సృజన అంటే కుళ్లా నీకు?"

"కుళ్లే మేడమ్. దాపరికం ఏటుంది? నాను రాత్రీ పగలూ మౌస్ అరగదీసి సేస్తే ఎవుడూ సూడడు. ఆవిడ మట్టి ముద్ద పెడితే అందరూ సుట్టూ మూగుతారు."

"12.30 నుంచి 1.50 దాకా ఎక్కడున్నవ్?"

"నా సీట్లో."

"రాణి కళ్లు ఎట్లున్నయి?"

"కళ్లెక్కడున్నాయండి? ఆవిడ ఆఖర్న పెడతాది."

మేబెల్ అతని మానిటర్ వైపు తిరిగింది. చీకటి ఎల్ఫు. బొగ్గు రంగు ఒళ్లు. అంతా నున్నగా, కొలిచినట్టుగా ఉంది. కళ్లు మాత్రం వేరు. ఎడమ కన్ను కుడికన్ను కంటే బియ్యపుగింజంత చిన్నది. అందుకే అది చూస్తున్నట్టుంది. మౌస్‌తో ఎవరూ అలా చేయరు.

"మరి ఈ కళ్లు ఎక్కడివి బాబూ?"

సూరి ముఖం మాడిపోయింది.

ఒప్పుకున్నాడు. 1.04కి ఆ గదిలోకి దూరాడు. గుడ్డ తీశాడు. అక్కడే ఉన్న లేజర్ స్కానర్‌తో తలంతా స్కాన్ చేశాడు. 1.16కి బయటికి వచ్చాడు. ఫైల్ మీద టైమ్ ఉంది. "కళ్లు సూడగానే ఏడుపొచ్చింది మేడమ్. ఈ జన్మలో నా సేతికి రావనిపించింది. దొంగతనం సేశాను. ముంచడం మాత్రం నాకు తెలీదు."

"చూసిన్రా మేడమ్," అన్నాడు ఓంప్రకాశ్. "కాపీ కొట్టిండు, అసలుది ముంచిండు. సాక్షి సుత ఉన్నడు."

సాక్షి సృజన తండ్రి. పేరు బ్రహ్మచారి. నలభై ఏళ్లుగా వినాయకులనూ అమ్మవార్లనూ మలిచిన చేతులు. రోజూ కూతురికి క్యారియర్ తెస్తాడు. ఆ రోజూ 1.15కి తెచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నాడు.

"గా పిలగాడే గదిలకెళ్లి బయటికొచ్చిండు. నేను చూసిన," అన్నాడు తల వంచుకొని.

3.40కి మేబెల్ అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టింది.

"కోపంతో వచ్చినోడు ఏం చేస్తడు? నేలకేసి కొడతడు. ఇక్కడ ఒక్క పెళ్ల రాలలేదు. గుడ్డ నాలుగు మడతలు పెట్టి ఉన్నది. ఇది కోపం కాదు."

ఆమె టేపు కొసతో బల్ల మీది గీతను చూపించింది.

"తలుపు దక్షిణాన ఉన్నది. డ్రమ్ము తలుపు అవతల. ఎత్తుకపోయేటోడు తలుపు దిక్కు లాగుతడు. మరి ఈ గీత కిటికీ దిక్కు ఎందుకున్నది? ఓంప్రకాశ్, వినాయకుడిని నీళ్లల్ల వేసే ముందు మీ ఇంట్ల ఏం చేస్తరు?"

ఓంప్రకాశ్ కిటికీ వైపు చూశాడు. "ఉద్వాసన చెప్తం. జెర ఉత్తరం దిక్కు కదుపుతం."

"నేను చర్చికి పోయేదాన్ని. అయినా యాభై ఏండ్ల నుంచి పక్కింట్ల చూస్తున్న. ప్రాణం ఉన్న బొమ్మను పలగ్గొట్టరు. కదిపి, సాగనంపుతరు. సూరికి ఇది కంప్యూటర్‌ల ఎక్కించే సామాను. దీనికి ఉద్వాసన ఎందుకు చెప్తడు? కండ్లు తెరిచినంక మట్టి మట్టి కాదని నమ్మేటోడే చెప్తడు."

ఆమె బ్రహ్మచారి వైపు తిరిగింది.

"డ్రమ్ము అడుగుదాకా మెల్లగా దించితే మోచేతులు మునుగుతయి. సూరి చొక్కా చూడండి, మడత నలగలేదు. చారిగారూ, వినాయక చవితి దగ్గరకొచ్చింది. మీ ఇంట్ల నడిచేది చెరువుమట్టి, నల్లగుంటది. మీ మోచేతుల మీద తెల్లమట్టి ఎక్కడిది?"

ఆ చేతులను అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆ చేతులకు ఎప్పుడూ మట్టి ఉంటుంది కదా.

ముసలాయన చేతులు దాచుకోలేదు.

"కండ్లకు నన్ను పిలుస్తదనుకున్న," అన్నాడు. "ఇంట్ల ఏ బొమ్మకైనా కండ్లు నేనే పెట్టాలె. అది నా హక్కు. ఇయ్యాల పిలగాడు పోయినంక గదిలకొచ్చిన. గుడ్డ తీసిన. నన్నే చూస్తున్నది. నా నలభై ఏండ్లల్ల ఒక్క బొమ్మ సుత నన్నట్ల చూడలె. కడుపుల మంట లేసింది. కన్నబిడ్డ మీద, మేడమ్. పలగ్గొడదామంటే చెయ్యి రాలె. సాగనంపిన. నింద ఆ పిలగాడి మీదికి పోతుంటే సగమే చెప్పి నోరు మూసుకున్న. అది ఇంకా పెద్ద తప్పు."

సూరి ఆయన వైపు చూసి, తల తిప్పుకున్నాడు. తిట్టడానికి అతనికీ మొహం లేదు.

ఓంప్రకాశ్ ఫోన్ తీశాడు. సృజన వద్దన్నట్టు చెయ్యెత్తింది.

"కంప్లైంట్ లేదు సర్. సూరీ, ఆ స్కాన్ ఫైల్ ఇయ్యి. అయిదింటికి అదే చూపిద్దాం. స్కాన్ చేసింది నువ్వేనని నేను చెప్తా."

సూరి తన సీటు వైపు పరుగెత్తాడు. ఒకడి కుళ్లు రాణిని ముంచింది. ఇంకొకడి కుళ్లు ఆమెను ఫైల్‌లో భద్రంగా దాచిపెట్టింది. మేబెల్‌కు నవ్వొచ్చింది గానీ, సమయం కాదని ఊరుకుంది.

సృజన డ్రమ్ము దగ్గరికి నడిచింది. తండ్రి వెనకే వెళ్లాడు. ఇద్దరూ నీళ్లలో చేతులు పెట్టి మట్టి పైకి తీస్తున్నారు.

"నిన్ను పిలువొద్దని కాదు నాన్నా," అంది ఆమె, మెల్లగా. "సంవత్సరం సంది నీ చెయ్యి వణుకుతున్నది. క్లయింట్ ముందట, ఇంతమందిల ఉలి జారితే నువ్వు తట్టుకోలేవు. అందుకే ముందే తెరిచిన. నీతోని చెప్పనీకి నోరు రాలె."

బ్రహ్మచారి చేతుల్లో మట్టి ముద్ద ఉంది. అది వణుకుతోంది. ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదనుకున్నాడు.

"రేపు మళ్లా చేద్దాం. కండ్లు నువ్వే తెరువు."

ముసలాయన ముద్దను పళ్లెంలో పెట్టి, తడి చేతులు ధోవతికి తుడుచుకున్నాడు.

"వద్దు బిడ్డా. నువ్వే తెరువు," అన్నాడు. "అద్దం నేను పట్టుకుంట."