టేపు గదిలో దుబాసీ

దుబాయ్‌లో జబల్ అలీ దాటాక, ఇసుకా ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయే చోట, విమానాల రెక్కలకు పలకలు చేసే కార్ఖానా ఒకటుంది. బయట నుంచి చూస్తే గోడౌనే. లోపల మాత్రం వియ్యాలవారి ఇంటికన్నా ఎక్కువ మర్యాదలు. చెప్పులు విడవాలి, తెల్లటి అంగీ తొడగాలి, జుట్టుకు టోపీ, చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఒంటి మీద దుమ్ము దులిపే గాలిగదిలో కాసేపు నిలబడాలి. అప్పుడు గానీ క్లీన్ రూమ్ తలుపు తెరుచుకోదు. ఒక్క వెంట్రుక రాలినా పలక మొత్తం చెత్తబుట్టకే.

ఆ గది నడుమ ఉంటుంది టేపు పరిచే యంత్రం. జిగురు పట్టిన నల్లటి కార్బన్ టేపు చుట్టను దాని తలలో ఎక్కిస్తే, అచ్చు మీద అదే పరుస్తుంది, అదే నొక్కుతుంది, వెనకంటుకున్న కాగితాన్ని అదే ఒలుచుకుంటుంది, చివరికొచ్చాక కత్తితో కోస్తుంది. పొర మీద పొర. సర్ర్... టక్. సర్ర్... టక్. ఆ యంత్రం కృష్ణచైతన్య చేతిలో ఉండేది. కాకినాడ మనిషి, ఇంజనీరు. కరామాలో చిన్న ఫ్లాటు, భార్య సంజన, కడుపులో చల్ల కదలని కాపురం.

అతనికి సాయంగా లచ్చన్న ఉండేవాడు. జగిత్యాల దగ్గర పల్లె. అచ్చు తుడవడం, చలిగదిలోంచి టేపు చుట్టలు మోసుకురావడం అతని పని. నోట్లో నాలుక లేని మనిషి. నుదుట ఎర్రటి బొట్టు లేకుండా కార్మికుల క్యాంపులో తన గది గడప దాటడు. కార్ఖానాలో అంగీ తొడిగే ముందు మాత్రం తడికాగితంతో ఆ బొట్టును మచ్చ లేకుండా తుడిచేవాడు. "జెరంతసేపు ఓర్సుకో తల్లీ" అని గొణుక్కుంటూ తుడిచేవాడు. చైతన్య రోజూ పక్కనే నిలబడి అది చూసేవాడు, నవ్వేవాడు కూడా.

ఆ ఏడాది దసరా పనిరోజున పడింది. దసరా నాడు పనిముట్టుకు బొట్టు పెట్టకపోతే మనవాళ్లకు చెయ్యాడదు. ఆటోవాడు ఆటోకి పెడతాడు, దర్జీ కుట్టు మిషనుకి పెడతాడు, చైతన్య తండ్రి తన లేతు మిషనుకి నిమ్మకాయ కూడా కోస్తాడు. సంజన చిటికెడు కుంకుమ కాగితంలో మడిచి భర్త జేబులో పెట్టి, "ఎవరూ చూడకుండా పెట్టేయండి, మంచిది" అంది. చైతన్య అందరికన్నా ముందే వెళ్లి, యంత్రం తల కింద, కత్తి పక్కన, ఎవరి కంటా పడని మూల బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు. అది తప్పని తెలియనంత అమాయకుడేం కాదు. చిటికెడు కుంకుమ ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

ఏం చేయాలో అదే చేసింది. ఆ తల రోజంతా అదురుతూ అటూ ఇటూ తిరిగింది. పొడి రాలింది. రాలినదాని మీద యంత్రం బుద్ధిగా పొర పరిచి నొక్కేసింది. పలకను పెద్ద పొయ్యిలో ఉడికించి స్కాన్ చేస్తే పొరల మధ్య అతుకు పట్టని మచ్చ ఒకటి కనిపించింది. కోసి చూశారు. లోపల ఎరుపు.

ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ ఆయన. మంచివాడే గానీ తేల్చనిదే వదలడు. అది కుంకుమని తేలాక, బొట్టు పెట్టుకునే వాళ్లెవరని ఆరా తీశారు. లచ్చన్న గుర్తింపు కార్డు ఫొటోలోనే బొట్టుంది. ఇంకేం కావాలి! పిలిపించారు. లచ్చన్నకు ఇంగ్లీషు రాదు, ముదీర్‌కు హిందీ కూడా రాదు. మధ్యలో దుబాసీ ఎవరయ్యా అంటే చైతన్యే.

"లోపలికి వచ్చేముందు తుడుచుకుంటాడా, అడుగు" అన్నాడు ముదీర్ ఇంగ్లీషులో.

చైతన్య అడిగాడు. లచ్చన్న రెండు చేతులూ జోడించాడు.

"దినాం తుడ్సుకునే లోపటికి వస్త సారూ. మీరు పక్కనుండి సూస్తరు గద. మీరే చెప్పుండ్రి ఆయనకు."

ముదీర్ చైతన్య వైపు చూశాడు. నిజం ఆ క్షణాన చైతన్య నాలుక చివరే ఉంది. ఆ నిజం చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు: మరి ఇంకెవరు?

"ఆ రోజు మరిచిపోయి ఉంటానంటున్నాడు సర్" అన్నాడు చైతన్య.

ముదీర్ నిట్టూర్చి తలాడించాడు. ఆయన తలాడించడం చూసి లచ్చన్న మొహం విప్పారింది. తన మాట చేరిందనుకున్నాడు పాపం. బయటికొచ్చాక చైతన్య చెయ్యి పట్టుకుని, "మీరున్నరు గాబట్టి సరిపోయింది సారూ. లేకుంటే నా గోస ఆయనకెట్ల సమజయితుండె?" అన్నాడు.

ఆ చేతిని చైతన్య ఇంటికెళ్లాక ఎన్నిసార్లు కడుక్కున్నాడో అతనికే తెలియదు.

లచ్చన్న వీసా రద్దు చేశారు. టికెట్ కోసం క్యాంపులో ఎదురుచూస్తూ, ఒక తెల్లవారుజామున పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. శవాన్ని పెట్టెలో పెట్టి పంపేటప్పుడు కార్ఖానా వాళ్లు చాలామంది వెళ్లారు. చైతన్య వెళ్లలేదు, జ్వరమని చెప్పాడు. ఆ తర్వాత లచ్చన్న భార్య కిష్టవ్వ ఫోన్ చేసింది. ఏడుపు అప్పటికే అయిపోయిన గొంతు.

"తప్పు జేసిండని ఎల్లగొట్టిన్రంట గద సారూ. ఊళ్లె అందరు గదే అంటున్నరు. మా పిల్లగాండ్లకు మొకం సూపియ్యరాకుంటయింది. ఏం తప్పు జేసిండు సారూ ఆయన?"

"నాకు తెలీదమ్మా" అన్నాడు చైతన్య. తేలు కుట్టిన దొంగకు కేక కూడా పెట్టే వీలుండదు. పక్కనున్న సంజన ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాడైన పలకకు బదులు ఇంకోటి చెయ్యాలి. వారమంతా వేరే పని ఉండడంతో దాన్ని శుక్రవారం సెలవు నాడు పెట్టారు. ఆ రోజు కార్ఖానాలో ఉన్నది చైతన్య, రాయచోటి నుంచి వచ్చిన బుడేన్ సాహెబ్ అనే పెద్దాయన, అంతే. మధ్యాహ్నం జుమా నమాజు వేళయింది.

"నేను మసీదుకు పొయ్యొస్తా అబ్బయ్యా. ఒక్కడివే ఉండావు, నేనొచ్చేదాకా ఆ కంచె దాటగాకు" అని చెప్పి బుడేన్ సాహెబ్ వెళ్లాడు.

కంచె అంటే కంటికి కనపడేది కాదు. యంత్రం చుట్టూ కాంతి కిరణాల కాపలా. మనిషి దాటితే అది పసిగట్టి యంత్రాన్ని ఆపేస్తుంది, ఎక్కడున్నాడో తెర మీద చుక్క పెట్టి చూపిస్తుంది.

తలుపు మూసుకుంది. తెల్లటి గది, నీడ పడనంత తెల్లటి వెలుగు. జిగురు వాసన, తుడిచే మందు వాసన. సర్ర్... టక్. సర్ర్... టక్. చైతన్యకు ఆ చప్పుడు ఎప్పుడూ జోలపాటలా ఉండేది. ఇవాళ మాత్రం ఒక్కో టక్ దగ్గరా మెడ వెనక చురుక్కుమంటోంది.

యంత్రం ఆగింది.

తెర మీద ఎర్ర అక్షరాలు. కంచె లోపల మనిషి ఉన్నాడు. చైతన్య తలెత్తి చూశాడు. అచ్చు ఉంది, దాని మీద సగం పరిచిన నల్లటి పొర ఉంది. మనిషి లేడు. మీట నొక్కి మళ్లీ నడిపించాడు. సర్ర్... అని మొదలై మధ్యలో మళ్లీ ఆగిపోయింది. ఈసారి తెర మీద చుక్క కూడా వచ్చింది. అచ్చుకు ఎడమ పక్కన. లచ్చన్న తుడవడానికి నిలబడే చోట.

కిరణాలకు దుమ్ము పట్టిందేమో అనుకున్నాడు. క్లీన్ రూమ్‌లో దుమ్మేమిట్రా అని తనే నవ్వుకోబోయాడు గానీ నవ్వు రాలేదు. చలిగదిలోంచి కొత్త చుట్ట తెచ్చేలోగా అదే సర్దుకుంటుందని అటు నడిచాడు. నిజానికి ఆ తెర ముందు నిలబడలేకపోయాడు.

చలిగది తలుపు బరువైనది. లాగగానే పొగమంచు కాళ్ల మీదికి పాకింది. లోపల అడుగు పెట్టాడు. తలుపు దానంతటదే మూసుకుంది. రోజూ మూసుకునేదే. దీపం మాత్రం రోజూ ఆరేది కాదు...

చీకటి. పళ్లు కొట్టుకునే చలి. చలిలో ఏ వాసనా ఉండదు. కానీ వచ్చింది. ఉతికి నీడన ఆరేసిన బనీను వాసన. క్యాంపు వాసన. చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊపిరి వెచ్చగా ఉంది.

"సారూ..."

చైతన్య కదల్లేదు.

"నేనేమన్ననని చెప్పిన్రు సారూ?"

కోపం లేదు ఆ గొంతులో. తెలియక అడుగుతున్నట్టు... వినయంగా... ఎప్పటిలాగే. తిట్టినా బావుండేది. పీక పట్టుకున్నా బావుండేది. భయం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది చైతన్యకు. మొహం కాలిపోయింది ఆ చలిలో.

"ఆయన తలకాయ ఊపిండు గద. నా మాట ఇన్నడనుకున్న. మరెందుకు పంపిన్రు? నేనేమన్ననని చెప్పిన్రు సారూ?"

తలుపు ఎలా తోశాడో, ఎలా బయటపడ్డాడో. పరుగెత్తి తెర దగ్గరికి వచ్చాడు. చుక్క అచ్చు పక్కన లేదు. కదులుతోంది. నెమ్మదిగా, చుట్ట మోస్తున్న మనిషి నడకలా... అచ్చు దాటింది... కంచె దాకా వచ్చింది. కంచె దాటితే తెర చూపించదు. చూపించకూడదు. చూపించింది. చైతన్య నిలబడ్డ చోటికి వచ్చి, పక్కన ఆగింది.

గోడకున్న ఫోన్ లాగి ముదీర్ ఇంటి నంబరు నొక్కాడు. ఆయన హలో అనగానే కట్ట తెగినట్టు చెప్పేశాడు. కుంకుమ పెట్టింది నేనే. లచ్చన్న రోజూ తుడుచుకునేవాడు. మరిచిపోయాననలేదు. నేనే కల్పించాను. తప్పు నాది, ఆ మనిషిది కాదు, కాగితం మీద రాయించండి, వాళ్లావిడకు చెప్పించండి. ఇంగ్లీషులో, తడబడకుండా చెప్పాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ముదీర్, "ఓకే, ఓకే. ఖలాస్. పని ముగించి ఇంటికి వెళ్లు" అన్నాడు మెత్తగా.

ఫోన్ పెట్టేసరికి తెర మీద చుక్క లేదు. బుడేన్ సాహెబ్ ఇంకా మసీదు నుంచి రాలేదు. యంత్రం ఎవరూ మీట నొక్కకుండానే కదిలింది. సర్ర్... టక్. చేసిన పాపం చెబితే పోతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదనుకున్నాడు చైతన్య. ఆ రాత్రి సంజనకు కూడా అంతా చెప్పాడు. ఉద్యోగం పోతే పోనీ, ఊరెళ్లిపోదాం అంది ఆమె. చాలా రోజుల తర్వాత అతనికి నిద్ర పట్టింది.

శనివారం సెలవు గడిచి, ఆదివారం పొద్దున రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని ముదీర్ గదికి వెళ్లాడు. ఆయన లేచి ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎలా ఉన్నావు? శుక్రవారం నిన్ను పనికి పిలవడం నాదే తప్పు. చనిపోయినవాడు నీకు బాగా కావలసిన మనిషట కదా."

"సర్, నేను ఫోన్‌లో చెప్పింది..."

"ఒక్క ముక్క అర్థం కాలేదు" ముదీర్ నొచ్చుకుంటూ నవ్వాడు. "అంతా మీ భాషలో చెప్పావు. ఏడుస్తున్నావు కూడా. నయం, నీ పక్కనున్నతను ఫోన్ తీసుకుని నాకు ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు."

"ఏం చెప్పాడు సర్?"

"నువ్వు దుఃఖంలో ఉన్నావని చెప్పాడు. నీ తప్పు ఏమీ లేదన్నాడు. ఆ రోజు మరిచిపోయింది లచ్చన్నేనని, నువ్వు అదే చెబుతున్నావని అన్నాడు. ఫైలు మూసేశాను, పైకి పంపేశాను. ఇంకెవరూ నిన్ను అడగరు."

"కాదు సర్!" అరిచాడు చైతన్య. "అబద్ధం అది! నేనే పెట్టాను కుంకుమ, నా ఈ చేత్తో పెట్టాను. లచ్చన్న ఏ పాపం ఎరగడు. రాయండి సర్, దయచేసి రాయండి!" ఒక్కో మాటా ఇంగ్లీషులో, విడివిడిగా, గట్టిగా పలికాడు. తన చెవులతో తను విన్నాడు.

ముదీర్ ఓపిగ్గా విన్నాడు. అయితే ఆయన చైతన్యను చూడడం లేదు. చైతన్య భుజం పక్కగా చూస్తూ, మధ్య మధ్య తలాడిస్తూ, ఎవరో చెబుతున్నది శ్రద్ధగా వింటున్నాడు.