మామ చెంప మీద మచ్చ

"ఎవరీ మనిషి? ఫెబీ... ఎవరి ఫొటో తెచ్చినావే ఇది?"

సువార్తమ్మ కేకకు వసారాలో కుర్చీలు సర్దుతున్న వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. గోడకు మేకు కొడుతున్న వెస్లీ చేతిలోంచి సుత్తి జారి కింద పడింది. ఫెబీ గబుక్కున ఫొటో వైపు చూసింది. గిద్దలూరు నుంచి బస్సులో, పక్కవాళ్ళ మోచేయి కూడా తగలకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఫొటో అది. మామ సుందరరాజు పోయి రేపటికి ఏడాది. రేపు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక, పాస్టరుగారితో పాటు సంఘమంతా వస్తుంది. వాకిట్లోంచి చూసినా మామ నవ్వు కనపడాలని తలుపులో సగమంత ఫొటో చేయించింది. చూసి అత్త మురిసిపోతుందనుకుంది... మీద కప్పిన గుడ్డ తీయగానే ఆ అత్తే భయంతో వెనక్కి వెనక్కి నడిచింది!

"అదేందమ్మా అట్లంటావు? నాయనే గదా! ఎంత బాగ వచ్చినాడో చూడు" అన్నాడు వెస్లీ స్టూలు దిగుతూ.

"నా మొగుణ్ణి నాకు చూపిస్తావా? ఈ నున్నటి చెంపలు ఆయనవా? ఈ మెరిసే పళ్ళు ఆయనవా? ఆ కండ్లు చూడు... నన్నెప్పుడన్నా చూసిన కండ్లేనా అవి? ఎవరినో తెచ్చి నా గోడకు తగిలిస్తారా! ఉన్న ఒక్క ముఖాన్నీ లేకుండ చేసినారు గదా! నా మనిషిని మళ్ళీ చంపినారు గదా!"

ఫెబీ నిలుచున్న చోటే కూలబడింది. చంపడమా! తనా! అమ్మా నాన్నా లేని తనను ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ "అమ్మీ" అని తప్ప పిలవని మామను... పుట్టింటి దిక్కు ఎవరూ లేరని, కాన్పయ్యాక ఆసుపత్రి గుమ్మంలో తానే తల్లిలా కాపు కాసిన మామను... కళ్ళలో నీళ్ళు తిరిగి ఎదురుగా ఉన్న ఆ పెద్ద ఫొటో మసకబారింది. ఆ మసకలో చూస్తే ఆమెకూ ఒక్కసారిగా ఒళ్ళు జలదరించింది. నిజమే... ఇది మామ కాదు! స్టూడియోలో ఆ సంగతి తనకెందుకు తెలియలేదు?

సుందరరాజుకు ఫొటో అంటే పడేది కాదు. ఎవరు ఫోనెత్తినా ఎడమ చెంప మీదికి తువ్వాలు లాక్కునేవాడు. కంటి కింద నుంచి దవడ దాకా నీలంగా తిరిగిన పెద్ద మచ్చ ఉండేది ఆ చెంప మీద. ఎద్దు పొడిచిందని చెప్పేవాళ్ళు. ఫెబీ పెళ్ళి ఆల్బమ్ మొత్తం వెతికినా ఆయనది సగం ముఖమే. ఇక ఆధార్ కార్డులోది అంటారా, సొంత చెల్లెలు కూడా గుర్తుపట్టలేనంత నల్లటి బొమ్మ! నిండు ముఖం కనిపించేది ఒక్కటే. ఆయన చనిపోయే ముందు వచ్చిన క్రిస్మస్‌కు మనవరాలు ఆయన తువ్వాలు లాగేస్తే, ఆయన పగలబడి నవ్వుతుంటే, ఆడబిడ్డ కృప ఫోన్లో తీసింది. అది ఎవరెవరి వాట్సాప్‌లోనో తిరిగి తిరిగి ఫెబీకి చేరింది.

"ఫోన్లో బాగానే కనపడతాది గాని, దీన్లో ముఖం బియ్యపు గింజంతే ఉందమ్మా" అన్నాడు ఆ పొద్దు గిద్దలూరు స్టూడియోలో శివకృష్ణ. "పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా చెదిరిపోతాది. తీసిన ఫోన్లో అసలుది ఉంటాది, తెప్పించు."

ఫెబీ అక్కడి నుంచే కృపకు ఫోన్ చేసింది. "ఆ ఫోను నీళ్ళ తొట్లో పడి చచ్చిపోయింది గద వదినా... నా దగ్గర గూడ లేదు" అని ఏడ్చేసింది కృప.

"అయితే లేనిదంతా కంప్యూటరే ఊహించి నింపుకుంటాది. ముఖం కొంచెం మారొచ్చు" అన్నాడు శివకృష్ణ. "ఈ చెంప మీదిది మాత్రం మరక మాదిరి వస్తాది. ఉంచమంటావా, తీసేయమంటావా?"

"తీసేయన్నా. మా మామకు అదంటే సిగ్గు."

ఇప్పుడు ఆ మాటే వెక్కిళ్ళ మధ్య బయటపెట్టింది ఫెబీ. "నేనే తీసేయమన్నా అత్తా... ఎప్పుడూ దాచుకునేవాడు గదా, ఇప్పుడన్నా మామ అందంగా ఉండాలని..."

సువార్తమ్మ కోడలి ముందుకొచ్చింది.

"సిగ్గా? ఆ మచ్చ ఆయనకు సిగ్గా? దినామూ దాన్ని చూసుకునే గదే నేను దేవునికి స్తోత్రం చెప్పుకునేది!" కొడుకు వైపు తిరిగింది. "వెస్లీ... ఆ మచ్చ నీది రా నాయనా!"

"నాదా? ఏందమ్మా నువ్వనేది?"

"ఎద్దూ లేదు, గొడ్డూ లేదు. మార్కాపురం దిక్కు పలకల గనిలో పని చేసేటోళ్ళం. నీకింకా నడక గూడ సరిగా రాలేదు. రాయి పేల్చడానికి మందు తూటా పెట్టి, పక్కకు పొమ్మని ఈల వేసినారు. చూస్తే నువ్వు లేవు! తప్పటడుగులేసుకుంటా రాళ్ళ దిక్కే పోతా ఉన్నావు... నా కాళ్ళు చచ్చుబడిపోయినాయి. మీ నాయన ఉరికిపోయి నీ మీద పడినాడు. రాయి పేలి చెంప చీలింది. ఆ పలకరాయి పొడి లోపలే ఉండిపోయి అట్ల నీలంగా మానింది. నీ ఒంటి మీద గీత గూడ పడలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఆయనే వద్దన్నాడు. 'పిల్లోనికి తెలిస్తే నా ముఖం చూసినప్పుడల్లా కుమిలిపోతాడు' అన్నాడు. ఎవరన్నా చెప్తారని ఆ ఊరే వదిలిపెట్టి ఇట్ల కొమరోలు దిక్కు వచ్చినాం. నువ్వు ఫొటోలో తేరిపార చూసి, ఇది కొమ్ము గాయం గాదే అని గుచ్చి గుచ్చి అడుగుతావనే తువ్వాలు అడ్డం పెట్టుకునేటోడు!"

వెస్లీ గోడకు ఆనుకుని అలాగే జారిపోయాడు. "నేను... బడికి రావద్దన్నా అమ్మా! పిల్లోళ్ళు నాయన ముఖం చూసి ఎగతాళి చేస్తున్నారని, రావద్దంటి! సరేలే నాయనా అన్నాడు... ఆ పొద్దు నుంచి రోడ్డు అవతలే నిలబడేటోడు. ఒక్క మాట... ఒక్క మాటన్నా అనలేదే!" అంటూ తల బాదుకున్నాడు. అతన్ని ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మర్నాడు తెల్లవారగానే భార్యాభర్తలిద్దరూ గిద్దలూరు బస్సెక్కారు.

"పెంచకుండా ఉన్నదున్నట్టు వేస్తే అరచేతంత వస్తాది. అంతకు మించితే ముఖం ఆగదు" అన్నాడు శివకృష్ణ.

"అంతే చాలన్నా" అంది ఫెబీ. "మచ్చ మాత్రం ముట్టుకోవద్దు."

అదే పెద్ద ఫ్రేములో, చుట్టూ తెల్లటి అట్ట, మధ్యలో అరచేతంత సుందరరాజు. గోడకు తగిలించాక సువార్తమ్మ ఆ ఫొటో దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది. చెంప మీద నీలంగా, అలుక్కుపోయినట్టు ఒక గీత. దాని మీద బొటనవేలు ఆనించి "వచ్చినావా..." అంది. తర్వాత కోడల్ని దగ్గరికి లాక్కుంది. "నిన్న రాయి మాదిరి మాటన్నా తల్లీ. నువ్వు గూడ ఆయన మీద ప్రేమతోనే చేసినావు. మనసులో పెట్టుకోవద్దు."

"నీ మాట నన్నేం చేస్తుంది అత్తా... నేనే మామను తుడిపేసినా" అంటూ ఆ భుజం మీదే భోరుమంది ఫెబీ.

సాయంత్రం కూడికకు వచ్చిన ప్రతివాళ్ళూ ఫొటో దగ్గరికంటా వెళ్ళి, వంగి చూడాల్సి వచ్చింది. దూరం నుంచి ఏమీ కనపడదు మరి. ప్రార్థన అయిపోయాక వెస్లీ కూతుర్ని ఎత్తుకుని ఫొటో ముందు నిలబడ్డాడు. పాప చిట్టి వేలు తిన్నగా అక్కడికే వెళ్ళింది.

"తాతకు ఇక్కడేమయింది నాయనా?"

ఎద్దు పొడిచిందని చెప్పడానికి పక్కనున్న పెద్దమనిషి నోరు తెరిచాడు. వెస్లీ చెయ్యెత్తి ఆపాడు.

"నేను నీకన్నా చిన్నోణ్ణిగా ఉన్నప్పుడు రాళ్ళ కింద పడబోతిని తల్లీ. తాత నాకు అడ్డం పడినాడు."

పాప ఆ గీతనే చూస్తూ, "నొప్పి పుట్టిందా తాతకు?" అని అడిగింది.

వెస్లీ తల్లి వైపు చూశాడు. సువార్తమ్మ వచ్చి మనవరాలి తల నిమిరింది.

"పుట్టింది తల్లీ... మీ నాయనకు చెప్పలేదు, అంతే."