తట్ట ఖాళీ అయ్యేదాకా

అరసవల్లి గుడికి వెళ్లే దారిలో ఒక లాడ్జి మేడమీద డిటెక్టివ్ జగన్నాధం ఆఫీసు ఉంది. కింద దర్శనానికి వచ్చినవాళ్లు చెప్పులు ఎక్కడ విడవాలని అడుగుతుంటారు. పైకి వచ్చినవాళ్లు పెళ్లికొడుకు తాగుతాడా లేదా కనుక్కోమని అడుగుతుంటారు. ఇదివరకు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి పట్టి విసిగిపోయి బయటికొచ్చిన మనిషి ఆయన. మనుషులు అబద్ధాలాడతారన్నది ఆయనకి కొత్త సంగతి కాదు. ఎవరితో ఆడతారన్నదే ఆయన్ని ఇప్పటికీ బాధపెడుతుందని ఆయన అసిస్టెంటు అరుణశ్రీ నమ్మకం. లా చదివి, కోర్టు గడప తొక్కకుండా ఈయన వెంట తిరుగుతున్నందుకు ఆ అమ్మాయి ఇంట్లో రోజూ చివాట్లు తింటోంది. అయినా మానదు.

ఆ ఉదయం మెట్లెక్కి ముగ్గురు వచ్చారు. ముందు తాతమ్మ, ఆమె వెనక కూతురు సింధూరి, అందరికీ వెనక తాతమ్మ మొగుడు లక్ష్ముడు. కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మా పడవ ఇంజను పట్టుకుపోయినారు బాబూ," అంది తాతమ్మ. "దొంగలెత్తుకెళ్లినా ఇంత బాధుండదు. మా ఆయనే సేతులారా బండిలో ఎక్కించినాడు."

నౌపడ ఉప్పుమడులు దాటితే సముద్రం ఒడ్డున వాళ్ల ఇల్లు. నడుం దెబ్బతిని లక్ష్ముడు వల లాగలేకపోతున్నాడు. సింధూరికి విజయనగరంలో నర్సింగు సీటు వచ్చింది. శనివారంలోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంట్లో అమ్మదగిన వస్తువు ఇంజను ఒక్కటే. నౌపడలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న ప్రమోద్ దాన్ని ఫోటో తీసి ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టాడు. ఒకతను ఫోన్ చేసి, వచ్చి, పట్టుకుపోయాడు. డబ్బు మాత్రం రాలేదు.

"ఎలాంటి మనిషి?" అడిగాడు జగన్నాధం.

"మంచోడు," అన్నాడు లక్ష్ముడు. ఆ మాట అన్నాక తనకే సిగ్గేసినట్టుంది. "అంటే, బేరం ఆడనేదు బాబూ. సెప్పిన రేటుకే ఒప్పీసుకున్నాడు."

"ఇంజను స్టార్ట్ చేసి చూపించమన్నాడా?"

"నేదు."

"మరేం చూశాడు?"

"ఏటీ సూడనేదు. 'పిన్ను తెచ్చీయి మావా, బయల్దేరిపోతాను' అన్నాడు. ఇంట్లోకెల్లి తెచ్చినాను. ఆయిలు డబ్బా కూడా ఇంజనుతోపాటే అని బండిలో ఎట్టబోతే, అది అక్కర్నేదన్నాడు."

అరుణశ్రీ రాసుకుంటున్నది ఆపి తలెత్తింది. "పిన్నంటే?"

"నీళ్లలో తిరిగే పంకాని బిగించి ఉంచే పిన్ను తల్లీ. అది నేకపోతే ఇంజను ఆడతాది గాని పంకా తిరగదు. ఒడ్డున అందరూ ఇంజనుకి గొలుసేసి తాళం ఏస్తారు. ఉప్పుగాలికి తాళాలు తుప్పట్టిపోతన్నాయని నానొక్కడ్నే పిన్ను పీకి ఇంట్లో దాస్తాను."

"డబ్బు సంగతి చెప్పండి," అన్నాడు జగన్నాధం.

"ఫోన్లో కొట్టినాడు. పచ్చగా టిక్కు పడింది, తాతమ్మ పేరు పడింది. నా కళ్లతో సూసే బండి కదలనిచ్చినాను."

"అతని ఫోన్లో చూశారు. మీ ఆవిడ ఫోన్‌కి వచ్చిందో లేదో అడగొద్దూ?"

లక్ష్ముడు పెళ్లాం వైపు చూసి తల దించుకున్నాడు. తాతమ్మే చెప్పింది.

"సముద్రం డబ్బు ఆడదాని సేతిలోనే పడాల. మా ఇళ్లల్లో అదే పద్ధతి. అందుకే ఖాతా నా పేర ఉన్నాది. ఆ దినం టెక్కలి సంత, నాను తట్ట దించీసినాను. తట్ట ఖాళీ అయ్యేదాకా డబ్బు ఊసు ఎత్తకూడదు బాబూ. మగోడు నోరిప్పి ఎంతొచ్చిందని అడిగినాడంటే ఇంక ఆ తట్టలో సేప కదలదు. నా ఫోను పాలితీన్ సంచీలో సుట్టి నడుంకి కట్టీసుకుంటాను. సేపల సేతుల్తో ముట్టను. తట్ట బోర్లించినాక ఇప్పి సూస్తే ఏటీ నేదు."

ప్రతి ఆచారం వెనకా ఒక కారణం ఉంటుంది. ఒడ్డున కూర్చుని పెళ్లాం సంపాదన లెక్కేసుకుంటూ మగవాడు సారాకొట్టుకి నడవకుండా ఆపడానికి, ఎప్పుడో ఎవరో తెలివైన ఆడమనిషి పెట్టిన ఆచారం అది. తరతరాలు ఇంటిని నిలబెట్టింది. అదే ఆచారం ఆ మధ్యాహ్నం ఇంటిని ముంచింది.

"సంతరోజు వస్తానన్నది అతనేనా?"

"అవును బాబూ. నాను ఆదివారం రమ్మన్నాను. కాదు, సంతరోజైతేనే వీలవుతాదన్నాడు."

ఇంజను అమ్ముతున్నట్టు ఎవరెవరికి తెలుసని జగన్నాధం అడిగాడు. యాడ్ పెట్టిన ప్రమోద్‌కి తెలుసు. చేపలు కొనే షావుకారు ఉమాశంకర్‌కి తెలుసు. లక్ష్ముడి అక్కకొడుకు గోవింద్‌కి తెలుసు. అతను తల్లి పోతే వీళ్లింట్లోనే పెరిగి, మేనమామతోపాటు పదేళ్లుగా పడవ నడుపుతున్నాడు. ఆ రోజు స్నేహితుడి పెళ్లికని కొత్తవలస వెళ్లాడట.

ఆ మధ్యాహ్నమే జగన్నాధం, అరుణశ్రీ నౌపడ వెళ్లారు.

ప్రమోద్ కొట్లో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు. "డబ్బు మన ఫోన్లో పడ్డాకే సామాను కదపాలని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను సార్. ఒక్క ఫోన్ కొట్టి పెళ్లాన్ని అడగడానికి ఆయనకేం రోగం?" అంటూ యాడ్ తీసి చూపించాడు. ఫోటోలో ఇంజను పైభాగం మెరుస్తోంది. కింది భాగానికి పడవ అంచు అడ్డొచ్చి పంకా అసలు కనబడడం లేదు.

ఉమాశంకర్ ఐసు పెట్టెల మధ్య నిలబడి నవ్వాడు. "తట్ట దించినాక తాతమ్మని డబ్బడగాలంటే నాకే దడ. ఆడెలగ అడుగుతాడు? అయినా తాళం గొలుసు నేకుండా ఒడ్డున పారేసినోడికి ఇంజనెందుకండీ. ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే. నన్నడిగుంటే నానే కొనీసుందును, సగం రేటుకి."

ఇంటి వసారాలో గోవింద్ వల బాగుచేస్తున్నాడు. మూల ఆయిలు డబ్బా ఉంది. దానిమీద ఎర్ర రంగుతో అతని పేరు రాసుంది.

"నానుంటే ఇలగ జరగనిద్దునా సార్?" అన్నాడు. అడక్కుండానే ఫోన్ తీసి పెళ్లిలో దిగిన సెల్ఫీ చూపించాడు. వెనక పెళ్లిపందిరి, ముందు అతను ఒక్కడే.

"ఈ డబ్బా నీదా?"

"నా సొంత డబ్బెట్టి కొన్నాను సార్. ఈ ఇంట్లో నాది అన్నది అదొక్కటే."

 తిరుగు ప్రయాణంలో జగన్నాధం, "రేపు కొత్తవలస వెళ్లు అరుణా. ఆ పెళ్లికి ఫోటోలు తీసినవాణ్ణి పట్టుకుని మొత్తం ఆల్బం చూడు," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. గురువుగారి గొంతులో గెలుపు లేకపోవడం మాత్రం గమనించింది.

శనివారం పొద్దున్నే అందరూ లక్ష్ముడి వసారాలో చేరారు. పడవ లేదు కాబట్టి తాతమ్మ వేరేవాళ్ల దగ్గర చేపలు అరువుకి తీసుకుని, తట్ట సర్ది, సంతకి బయల్దేరబోతూ ఆగింది. నిండు తట్టని తడిగుడ్డ కప్పి పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఇలాంటి మోసాలు ఫోన్లో చేసేవాళ్లు దేశమంతా ఉన్నారు," అని మొదలుపెట్టాడు జగన్నాధం. "వచ్చినవాడు ఎవరో బయటివాడైతే నేను పట్టలేకపోయేవాణ్ణి. కాని వాడు ఇంజను చప్పుడు వినలేదు. బేరమాడలేదు. వినకుండా, బేరమాడకుండా పాత ఇంజను కొనేవాడు లోకంలో ఉండడు. డబ్బివ్వడం లేదు కాబట్టి బేరం అక్కర్లేదు. సరే. మరి ఎందుకు వినలేదు? ఆ ఇంజను ఎలా ఆడుతుందో వాణ్ణి పంపినవాడికి ముందే తెలుసు కాబట్టి."

ప్రమోద్ కంగారుగా కదిలాడు. "సార్, నేను యాడ్ ఒక్కటే..."

"కూర్చోండి, మీరు కాదు. ఖాతా ఎవరి పేర ఉందో మీకు తెలుసు. తట్ట ఆచారం తెలియదు. పెళ్లాన్ని ఫోన్ చేసి అడగడానికేం రోగమని మీరే అన్నారు. సంతరోజే రావాలని పట్టుబట్టినవాడికి, ఆ రోజు ఈయన నోరు కట్టేసుకుంటాడని తెలుసు. ఉమాశంకర్‌గారికి అది తెలుసు. కాని ఆయన ఈ ఇంజనుకి కాపలాయే లేదనుకుంటున్నారు. వచ్చినవాడు మాత్రం నోరు తెరుస్తూనే పిన్ను అడిగాడు. ఫోటోలో పంకా లేదు, పిన్ను సంగతి యాడ్‌లో లేదు. అది ఇంట్లో ఉంటుందని ఈ ఇంటివాళ్లకే తెలుసు."

 గోవింద్ చేతిలో వల సూది ఆగిపోయింది.

"చివరిది ఆ డబ్బా. ఊరికే వస్తున్న వస్తువుని మోసగాడు వద్దనడు. అది గోవింద్ కష్టార్జితం. దాన్ని ముట్టుకోవద్దని చెప్పి పంపాడు. తనది కానిదాన్ని తీసుకుంటూ, తనదాన్ని భద్రంగా ఇంట్లోనే ఉంచుకున్నాడు."

"నాను కొత్తవలసలో ఉన్నాను," అన్నాడు గోవింద్.

అరుణశ్రీ తన ఫోన్ లక్ష్ముడి ముందు పెట్టింది. ఆ రాత్రి పెళ్లి భోజనాల ఫోటో. బంతిలో గోవింద్ పక్కన కూర్చుని ఒకతను నవ్వుతున్నాడు.

లక్ష్ముడు ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. "ఈడే," అన్నాడు. "నన్ను మావా అని పిలిసినాడు. ఎవరి నోటంట నేర్సుకున్నాడో ఇప్పుడు తెలిసింది."

అప్పుడు లేచాడు గోవింద్. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు.

"అవును, నానే. ఇంజను కొన్న అప్పు తీరేదాకా నా వాటా కూడా పట్టుకున్నావు మావా. ఎందుకంటే 'మనదేరా' అన్నావు. అమ్మినప్పుడు నీదైపోనాది. పదేళ్లు ఆ పంకా ఎనక కూకున్నాను. నన్నొక్క మాట అడిగినావేటి?"

"అడిగితే ఒద్దంటావని అడగనేదు," అన్నాడు లక్ష్ముడు.

ఇన్ని రోజుల్లో అతనాడిన మాటలన్నిటిలో నిజమైన మాట అదే. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

ఇంజను ఒడిశా వైపు ఒక పడవ యజమానికి సగం ధరకే వెళ్లిపోయిందని గోవింద్ చెప్పాడు. ఫిర్యాదు ఇస్తే పోలీసులు దాన్ని వెనక్కి తెప్పించవచ్చని, కాని నెలలు పడుతుందని జగన్నాధం చెప్పాడు. ఫీజుకి గడువు ఆ రోజుతో సరి.

"కేసెడితే ఈడు జైలుకెళ్తాడు," అంది తాతమ్మ. "ఎట్టకపోతే దాని సదువు పోతాది. ఇద్దరికీ ఈ సేత్తోనే ముద్దలు ఎట్టినాను. ఏటి సెయ్యమంటారు బాబూ, సెప్పండి."

నేరస్తుణ్ణి చూపించడం వరకే తన విద్య అని జగన్నాధానికి తెలుసు.

"నాకు ముట్టింది ఇచ్చీస్తాను అత్తా," అన్నాడు గోవింద్. "అందులో పైసా కూడా వాడనేదు. దాన్ని తియ్యడానికి సెయ్యి రానేదు." ఫోన్ తీసి గబగబా నొక్కి ఆమె ముందు పట్టుకున్నాడు. పచ్చగా టిక్కు పడింది. దాని కింద తాతమ్మ పేరు. "ఎల్లిపోనాయి. సూడత్తా."

ఆ తెర చూసి లక్ష్ముడు మొహం తిప్పుకున్నాడు.

తాతమ్మ దాన్ని చూడలేదు. పక్కన తట్ట నిండుగా ఉంది. తడిగుడ్డ కింద చేపల్లో ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. పొద్దుటి నుంచీ వాటిని సర్దిన చేతులు అలాగే ఉన్నాయి, పొలుసులు అంటుకుని. ఆ చేతులతోనే ఆమె నడుం దగ్గర ముడి విప్పి, పాలితీన్ సంచీలోంచి తన ఫోన్ బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నీ ఫోన్ నాకెందుకురా," అంది. "నాది మోగాల."

అందరూ ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నారు. ఒడ్డున సిగ్నల్ అంతంతమాత్రం. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో అన్నం తిన్నవాడు, ఆ ఇంట్లోనే, తన మాట నిజమో కాదో ఒక ఫోన్ చెప్పేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరుణశ్రీ అతని మొహం చూడలేక తల దించుకుంది.

ఫోన్ మోగింది. తాతమ్మ దాన్ని కూతురికి అందించింది.

"వచ్చినాయమ్మా," అంది సింధూరి. "సగమే. ఫీజుకి చాలవు."

"మళ్లీ సూడు," అంది తాతమ్మ, గోవింద్ వైపు చూడకుండా. "నిజంగానే వచ్చినాయేటో, మళ్లీ సూడు."

సింధూరి మళ్లీ చూసింది.