నైట్రోజన్ క్యాను

"వయల్ పోయింది," ఫోన్‌లో చీఫ్ రాజరాజేశ్వరి గొంతు. "ఆశ్రితే తీసుకెళ్లింది."

సీక్రెట్ ఏజెంట్ శశిభూషణ్ పళ్లు కొరికాడు. నిన్నటిదాకా తన పార్ట్‌నర్! ఆ అందానికీ ఆ నవ్వుకీ డిపార్ట్‌మెంటంతా పడిపోయింది. తనూ పడ్డాడు. తీరా చూస్తే డబుల్ ఏజెంట్.

మంగళగిరి ల్యాబ్‌లో గుర్రం యాంటీబాడీని మనిషి ఒంటికి పడేలా మార్చారు. పాముకాటుకు మందు. దాన్ని తయారుచేసే కణాల్లో ఆశ్రిత నాశనం చేయగా మిగిలింది ఆ ఒక్క వయలే. హైదరాబాద్ చేరిందంటే విదేశీ ముఠా పాలవుతుంది. పోయినేడు పత్తి చేలో పాము కరిస్తే శశిభూషణ్ అక్కకి గుర్రపు సీరం ఎక్కించారు. విషం దిగింది కానీ సీరం పడక చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని అతని పంతం.

"ఐసు పెట్టెలన్నీ వెతికాను మేడం. చేపల లారీలు కూడా. ఒళ్లంతా కంపు!"

"ఐసు చాలదు. కణాలు బతకాలంటే లిక్విడ్ నైట్రోజన్ ఉండాలి."

"రోడ్డు మీద అదెవరు తిప్పుతారు మేడం..." అంటుండగానే వెలిగింది. ఎదకొచ్చిన గేదెలకు చూడి కట్టే సూది వేసేవాళ్ల క్యానులో ఉండేది అదే!

సత్తెనపల్లి దాటాక దొరికింది ఆశ్రిత. స్కూటరు, ఖాకీ చొక్కా, క్యాను. వేషం బ్రహ్మాండం. అదే కొంప ముంచింది. అంకమ్మరావు అనే రైతు తాళం లాక్కుని, గేదెతో సహా రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దున్నించి అరుస్తా ఉందమ్మా. సూది వెయ్యకుండా పోతే ఎట్టా?"

"నాకు రాదు, వదలండి!"

"రాకపోతే క్యాను ఎందుకు తిప్పుతున్నావ్?"

శశిభూషణ్ పిస్టల్ తీశాడు. ఆశ్రిత చప్పున క్యాను మూత లాగింది. తెల్లటి పొగ. పటకారుతో వయల్‌ని పైకి తీసి ఎండలో పట్టుకుంది.

"తుపాకీ పారెయ్ శశీ. కరిగితే కణాలన్నీ చస్తాయి."

పారేశాడు. ఒళ్లు మండిపోతోంది, చేసేదేముంది? వయల్ మీద మంచు కరగసాగింది.

"అయ్యయ్యో, ఎండలో పెట్టావేందమ్మా! ముర్రా దున్న విత్తనం చచ్చిపోద్ది!"

అంకమ్మరావు పటకారు లాక్కుని, వయల్‌ని క్యానులో ముంచి మూత పెట్టాడు. ఆశ్రిత పారిపోబోయింది. గేదె అడ్డమొచ్చింది. శశిభూషణ్ బేడీలు వేశాడు.

"క్యాను ఇలా ఇవ్వు బాబాయ్."

"గేదె సంగతి తేల్చినాకే."

పాము మందన్నాడు. దేశ రహస్యమన్నాడు. బతిమాలాడు, బెదిరించాడు.

"నాకు కథలు చెప్పమాక అబ్బాయ్," అని అంకమ్మరావు క్యాను ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద బాసింపట్టు వేశాడు.

మళ్లీ ఫోను మోగింది. "కమాండోల్ని పంపనా?"

"వద్దు మేడం," నెత్తి కొట్టుకున్నాడు శశిభూషణ్. "అర్జెంటుగా పశువుల డాక్టర్ని పంపండి."