దించమనే సైగ

"రోహిత్! ఆ వేలు ఆపు!"

శ్రీనివాసరావు గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. స్టీల్‌ప్లాంట్ బస్సు వచ్చే వేళయింది. ఎదురుగా ఐదేళ్ల కొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రి మొహం వంక చూడడు. గోడ వంక చూస్తూ, కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి గాలిలో గిరగిరా తిప్పుతున్నాడు. రోజూ ఇదే తంతు. బూట్ల చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా వచ్చి నిలబడతాడు. వేలు తిప్పుతాడు.

"తిప్పనివ్వండి. మిమ్మల్నేం చేశాడని?" అంది వంటింట్లోంచి భ్రమరాంబ.

"ఎదురింటి వాళ్లు చూసి నవ్వుకుంటున్నారు. పిచ్చిపిల్లాడిలా ఏమిటిది?"

అంటూనే ఆ చేతి మీద ఒక్కటి చరిచాడు. గట్టిగానే తగిలింది. రోహిత్ ఏడవలేదు. దెబ్బ తగిలిన చేతిని ఒకసారి చూసుకుని చంకలో దాచుకున్నాడు. మూలకి పోయి కూర్చుని, సీసా మూతలు వరసగా పేర్చడం మొదలుపెట్టాడు.

భ్రమరాంబ క్యారేజీ తెచ్చి పక్కన పెట్టింది. పెట్టిన తీరులోనే కోపం వినబడింది.

"ఆదివారం రైలుకి టిక్కెట్లు తీశాను" అన్నాడు శ్రీనివాసరావు ఆమె వైపు చూడకుండా. "వీణ్ని తణుకులో మా అక్కయ్య దగ్గర వదిలేసి వద్దాం. ఇంటినిండా పిల్లలు. వాళ్లతో బడికి పోతే మాటలు అవే వస్తాయి."

"వాడు నన్నొదిలి ఉండలేడండీ."

"నువ్వు గారం చేసే ఇలా తయారయ్యాడు. చెవులు బాగానే ఉన్నాయని పరీక్ష చేసి చెప్పారా లేదా? వినబడుతుంది, పిలిస్తే పలకడు. దాన్ని మొండితనం అంటారు."

"డాక్టరు గారు అలా అనలేదు."

"ఆయన మాట నా దగ్గర ఎత్తకు. నేనూ నాలుగేళ్లు దాటాకే మాట్లాడానట. ఇప్పుడు నాకేమయింది?"

రెండేళ్ల క్రితం, రోహిత్‌కి మూడు నిండినప్పుడు, నగరంలో ఒక పిల్లల డాక్టరు చెప్పాడు. దీన్ని ఆటిజం అంటారు, మందుల్లేవు, శిక్షణ ఉంది. ఎంత చిన్నతనంలో మొదలుపెడితే అంత మేలు, తల్లీ తండ్రీ ఇద్దరూ పూనుకోవాలి అని. శ్రీనివాసరావు ఆ మాట అంతకుముందెప్పుడూ విని ఎరగడు. తన కొడుక్కి లేని రోగమేదో అంటగడుతున్నారనుకుని కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"అవునూ, నిన్న ప్లాంటు నుంచి ఫోన్ చేస్తే ఎత్తలేదేం?"

"పెరట్లో బట్టలుతుకుతున్నానేమో. నిన్నంతా ఇంట్లోనే ఉన్నానండీ" అంది భ్రమరాంబ.

అని, చూపు తిప్పుకుంది. అప్పుడు అతను దాన్ని పట్టించుకోలేదు.

స్టీల్‌ప్లాంట్‌లో శ్రీనివాసరావు పని క్రేనుకి సైగలివ్వడం. తాటిచెట్టంత ఎత్తున క్యాబిన్‌లో ఆపరేటరు. కింద నేల మీద తను. మధ్యలో గొలుసులకి వేలాడే టన్నుల కొద్దీ ఇనుము. ఆ హోరులో పక్కవాడు అరిచినా వినబడదు. అక్కడ చేతులే నోళ్లు. సైగ లేనిదే బరువు కదలకూడదు. ఎత్తమన్నా దించమన్నా ఆ సైగ శ్రీనివాసరావు ఒక్కడే ఇవ్వాలి. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు. చీపురు పట్టుకున్న మనిషి రెండు చేతులూ బార్లా చాపినా సరే, ఉన్నదున్నట్టు ఆగిపోవాలి. ఎందుకని అడగకూడదు.

టీ వేళకి అర్జునరావు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈ ఊరివాడే. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటాడు.

"బావా, పిల్లోడికి ఏటైనా బాగోలేదేటి?"

"ఎవరికి?"

"మీవోడికే. నిన్న నాకు ఆఫు కదా, పూర్ణా మార్కెట్‌కెల్లాను. సెల్లెమ్మ పిల్లోడి సెయ్యట్టుకుని బస్సు దిగినాది. పిలిత్తే ఇనిపించుకోలేదు. గబగబా ఎనకీధిలోకి ఎల్లిపోనాది. నీలం గేటు, పాత మేడ. నాను సూత్తండగానే లోపలికెల్లిపోనాది."

శ్రీనివాసరావు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చూసింది మా ఆవిణ్ని కాదేమో."

"ఏటి బావా, ఆ సేతి బువ్వ ఎన్నిసార్లు తినలేదు? నాకు తెల్దా? ఇంతకీ నీకు సెప్పలేదేటి?"

"చెప్పిందిలే" అన్నాడు.

గంట తిరక్కుండా ఒక పూట సెలవు పెట్టి బయటపడ్డాడు. గాజువాకలో బస్సు దిగి ఇంటికి పరుగెత్తాడు. తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే గచ్చు మీద వరస కట్టిన సీసా మూతలు. మనుషులు లేరు.

నిన్న ఒక్కరోజే కాదన్నమాట!

మళ్లీ సిటీబస్సెక్కాడు. దారి పొడుగునా బుర్రలో ఒకటే రొద. ఏ మంత్రగాడి దగ్గరికైనా తిప్పుతోందా? ఎవరి మాటలో పడింది? పెళ్లై తొమ్మిదేళ్లలో తనతో అబద్ధమాడని మనిషి, చూపు తిప్పుకుని మరీ ఆడింది. పూర్ణా మార్కెట్ దగ్గర దిగి, ఉల్లిపాయల బస్తాల మధ్య నుంచి తోసుకుంటూ వెనక వీధిలోకి వెళ్లాడు. నీలం గేటు కనబడింది. గేటు దగ్గర చిట్టమ్మ అనే ఆయా ఊడుస్తోంది.

"ఎవుల కోసం బాబూ? పిల్లలకి పాఠం సెప్తన్నారు. సప్పుడు సెయ్యకండి."

అతను ఆగలేదు. వరండా దాటి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

లోపల చాపల మీద పిల్లలు, పక్కన తల్లులు. ఒక పాప కూర్చున్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఒక పిల్లాడు తన అరచేతిని తనే కొరుక్కుంటున్నాడు. వాళ్ల మధ్య, నేల మీద బాసింపట్టు వేసుకుని, భ్రమరాంబ. ఆమె ఎదురుగా రోహిత్.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"ఇదా నువ్వు పెరట్లో బట్టలుతికేది?"

గది మొత్తం ఉలిక్కిపడింది. రోహిత్ రెండు చెవులూ మూసుకున్నాడు. పాఠం చెబుతున్న అనూరాధ టీచరు గబుక్కున లేచి వచ్చింది.

"గొంతు తగ్గించండి. పిల్లలు బెదిరిపోతారు. ఎవరు మీరు?"

"వాడి తండ్రిని! నా కొడుకుని ఈ పిచ్చిపిల్లల మధ్య ఎవర్నడిగి కూర్చోబెట్టారు?"

ఊగుతున్న పాప తల్లి తల దించుకుంది. అది చూసి భ్రమరాంబ నిలబడింది. ఆమె మొహంలో భయం లేదు. శ్రీనివాసరావు ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు.

"నన్ననండి. ఆ తల్లిని అనకండి. పోయిన దీపావళి నుంచి వస్తున్నాను. చెబితే మానిపిస్తారని చెప్పలేదు."

"నాకు తెలియకుండా..."

"తెలిసి ఏం చేశారు? రెండేళ్ల క్రితమే తెలుసు కదా మీకు! చిన్నతనంలోనే మొదలుపెట్టమని డాక్టరు గారు మీ చేతులు పట్టుకున్నంత పని చేసి చెప్పారే! ఆ చిన్నతనమంతా మూల కూర్చుని మూతలు పేర్చుకోవడానికే పోయింది. మీరు పరువంటారు, మొండితనమంటారు. పోయిన ఆ రెండేళ్లూ మీ అక్కయ్య తెచ్చిస్తారా?"

"నోర్మూయ్!"

అతని చెయ్యి లేచింది. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ లేవని చెయ్యి.

అప్పుడు రోహిత్ చెవుల మీంచి చేతులు తీశాడు. ఇద్దరి మధ్యకీ వచ్చాడు. తండ్రి మొహం చూడలేదు, తల్లి మొహం చూడలేదు. గోడ వంక చూస్తూ, రెండు చేతులూ బార్లా చాపాడు. అరచేతులు నేల వైపు. ఒకసారి అటూ ఇటూ ఊపాడు.

ఆపు.

శ్రీనివాసరావు చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. బుర్రకి అర్థమయ్యేలోపే చెయ్యి ఆగింది. ఎన్నో ఏళ్లుగా ఆ సైగ కనబడితే ఆగడం దానికి అలవాటు.

"ఇది... వీడికి ఇదెవరు నేర్పారు?"

"మీరే" అంది భ్రమరాంబ. "కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నాకు నేర్పలేదూ? మీరు వీధి చివర నుంచి గ్లాసు ఎత్తినట్టు సైగ చేస్తే, నేను డాబా మీంచి చూసి టీ పెట్టేదాన్ని. అవన్నీ గుర్తుపెట్టుకున్నాను."

అనూరాధ టీచరు మెల్లగా అందుకుంది. "మాట వచ్చేదాకా పిల్లాడికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలండీ. మీ ఇంట్లో వాడే సైగలేమున్నాయమ్మా అని అడిగితే ఇవి చూపించింది. వచ్చిన కొత్తలో చప్పుడు భరించలేకపోతే గోడకేసి తల కొట్టుకునేవాడు. ఇప్పుడు ఆపమని అడుగుతున్నాడు."

శ్రీనివాసరావు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. కొడుకు నుదుటి మీదున్న పాత మచ్చ కనబడింది. మంచం కోడు తగిలిందని భ్రమరాంబ అప్పట్లో చెప్పింది. తను నమ్మాడు.

"ఇంకా ఏం నేర్పావు?"

"దించమనడం నేర్పాను, నెమ్మదిగా అనడం నేర్పుతున్నాను. ఒకటి మాత్రం నేను నేర్పింది కాదండీ. వాడి దగ్గర ముందే ఉంది." భ్రమరాంబ చూపుడు వేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పింది. "ఇది."

ఎత్తు. క్రేను ఆపరేటరుకి రోజూ వందసార్లు తనిచ్చే సైగ.

రోహిత్ అప్పుడింకా నడవను కూడా నడవడు. డ్యూటీ నుంచి రాగానే వాడి ముందు కూర్చుని, వేలెత్తి తిప్పి, "పైకీ... పైకీ..." అంటూ నెత్తి మీదికి ఎత్తేవాడు. వేలు కిందికి చూపి తిప్పి, మెల్లగా దించేవాడు. వాడు కిలకిలా నవ్వేవాడు. తర్వాత తర్వాత వాడు మొహం వంక చూడడం మానేశాడు. పిలిస్తే తిరగడం మానేశాడు. తండ్రి కంటే తిరిగే ఫ్యానే ఎక్కువైపోయిందా వీడికి అని రోషమొచ్చింది. పసివాడి మీద పెద్దవాళ్ల మీద అలిగినట్టు అలిగాడు. ఎత్తడం మానేశాడు.

"బూట్ల చప్పుడు వింటే మీరున్నారని వాడికి తెలుసు" అంటోంది భ్రమరాంబ. "అప్పుడొచ్చి ఎత్తమని అడుగుతున్నాడండీ. ఇన్నాళ్ల నుంచీ అదే అడుగుతున్నాడు. నేనూ ఈ మధ్యే పోల్చుకున్నాను. చెబితే ఇక్కడికొస్తున్న సంగతి బయటపడుతుందని నోరు కుట్టుకున్నాను. ఆ తప్పు నాది."

ఆకాశంలో ఉన్న ఆపరేటరు తల కాస్త వంచితే, ఏం అడుగుతున్నాడో కింద నుంచి చెప్పగలడు శ్రీనివాసరావు. గుమ్మంలో, బారెడు దూరంలో నిలబడి కన్నకొడుకు అడిగింది మాత్రం చదవలేకపోయాడు. చదవకపోగా పొద్దున్నే ఆ చేతిని కొట్టాడు. ఆ చప్పుడు ఇప్పుడు మళ్లీ చెవుల్లో వినబడింది.

ఉన్నచోటే చాప మీద కూలబడ్డాడు. అందరి ముందూ, మొహం మోకాళ్లలో దాచుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. ఊగుతున్న పాప తల్లి, అతను పిచ్చిపిల్లలన్న ఆ తల్లే, మంచినీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది.

చాలాసేపటికి తలెత్తాడు. "మేడమ్, మాటలొస్తాయా వీడికి?"

"వస్తాయని మాటివ్వలేనండీ." టీచరు అబద్ధం చెప్పలేదు. "ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే..." అని, అతని మొహం చూసి ఆగింది. "ఆ సంగతి ఇప్పుడెందుకు? రేపట్నుంచి ఇద్దరూ రండి."

ఆ సాయంత్రమే రైలు టిక్కెట్లు వెనక్కిచ్చేశాడు. అక్కయ్యకి ఫోన్ చేసి, రావడం లేదని చెప్పాడు. ఎందుకని ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే, రెండేళ్లుగా నోట రాని ఆ మాట మొదటిసారి పలికాడు. "రోహిత్‌కి ఆటిజం అక్కయ్యా. నేర్పించుకోవాలి."

మర్నాడు బూట్లు వేసుకుంటుంటే రోహిత్ వచ్చి నిలబడ్డాడు, ఎప్పటిలాగే. గోడ వంక చూపు, ఎప్పటిలాగే. కుడిచెయ్యి మాత్రం చంకలో ఉంది. గట్టిగా బిగించుకుని ఉంది.

శ్రీనివాసరావు వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తనే వేలెత్తి తిప్పాడు. "పైకీ... పైకీ..." అన్నాడు. చెయ్యి బయటికి రాలేదు. ఎత్తుకోబోతే వాడు కొయ్యలా బిగుసుకుపోయాడు. వదిలేశాడు. ఇన్నాళ్లూ వాడు అడుగుతుంటే తను ఇవ్వలేదు. ఇప్పుడు తను ఇస్తానంటే వాడికి భయం. ఎవర్ని అనాలి?

మధ్యాహ్నం షిఫ్టుకి మార్పించుకున్నాడు. పొద్దున్నే ముగ్గురూ నీలం గేటు మేడకి వెళ్లేవాళ్లు. పిలిచి ఆగడం, అడిగి ఆగడం, పిల్లాడి బదులు తను చేసెయ్యకుండా ఆగడం నేర్చుకున్నాడు. భ్రమరాంబ అతనితో అవసరమైనంత వరకే మాట్లాడేది. ఆ లేచిన చెయ్యిని ఆమె అంత తొందరగా మర్చిపోలేదు. మర్చిపొమ్మని అతనూ అడగలేదు.

మధ్యాహ్నం బూట్లు వేసుకునే వేళ మాత్రం రోజూ గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చునేవాడు. వేలు తిప్పేవాడు. ఆగేవాడు. బస్సు హారన్ కొడితే లేచి వెళ్లేవాడు. ఎదురింటి వాళ్లు చూసేవాళ్లు. చూడనిచ్చేవాడు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం. బూట్ల లేసులు కట్టుకుని తలెత్తేసరికి, వంటింటి గుమ్మంలో భ్రమరాంబ. ఖాళీ గ్లాసు ఎత్తినట్టు చెయ్యెత్తింది. టీ కావాలా అని. కొత్త కాపురంలో వీధి చివర నుంచి తను చేసిన సైగే. శ్రీనివాసరావు తలూపాడు.

ఇటు తిరిగితే రోహిత్ ఎదురుగా ఉన్నాడు. చూపు గోడ మీదే ఉంది. చంకలోంచి చెయ్యి మెల్లగా జారింది. దెబ్బ పడుతుందేమోనని చూస్తున్నట్టు సగంలో ఆగింది. శ్రీనివాసరావు ఊపిరి కూడా తీసుకోలేదు. చూపుడు వేలు లేచింది. గాలిలో ఒక్క చుట్టు తిరిగింది.

చంకల కింద చేతులు వేసి ఎత్తాడు. ఎత్తబోయి తూలాడు.

అమ్మో, ఎంత బరువు! ఇంట్లోనే, కళ్లెదురుగానే, ఎప్పుడింత బరువెక్కాడు? ఆఖరిసారి ఎత్తినప్పుడు దూదిపింజలా ఉండేవాడే! అంత ఎప్పుడు పెరిగాడు? మధ్యలో ఉన్న ఆ పిల్లాడు ఏమైపోయాడు?

నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. పైనుంచి చిన్న కూత లాంటి నవ్వొకటి వినబడింది. పసితనంలోని ఆ నవ్వే. భ్రమరాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మానికి ఆనుకుంది.

వీధిలో ప్లాంటు బస్సు హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. శ్రీనివాసరావు మోచేతులు వణుకుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. కొడుకు వేలి వంకే చూస్తూ నిలబడ్డాడు.

దించమనే సైగ రాలేదు. అతను దించలేదు.